నాన్న అరువు పుస్తకం, తిరిగి రాని 41 పుస్తకాలు

కోవూరు_కూతురు, ఆదివారం రాత్రి 9:10

చాలాకాలంగా ఇక్కడ మీ మాటలు చదువుతున్నాను. రాయడం ఇదే మొదలు.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. నెల్లూరు నుంచి ఉదయగిరి వెళ్లే బస్సులో చాలా ఏళ్లు పనిచేశారు. పోయిన సంక్రాంతికి ముందు కాలం చేశారు. ఆయన వదిలి వెళ్లినవి మూడు చెక్క బీరువాల పుస్తకాలు. నిన్న లెక్కపెట్టాను, 612. వాటి మధ్య ఒక పొడుగాటి నోటుపుస్తకం దొరికింది. అట్ట మీద నాన్న చేతిరాతతో ‘అరువు’ అని ఉంది.

తెరిచి చూస్తే వే బిల్లుకు, అంటే కండక్టర్లు టిక్కెట్ల లెక్క రాసే కాగితానికి, గీసినట్టే గళ్లు గీసుకున్నారు. తేదీ, పుస్తకం, స్టేజీ, మనిషి, తిరిగి వచ్చిన తేదీ. మొదటి పద్దు 1984 జూన్‌లో. చివరిది 2009లో, ఆయన పదవీ విరమణ చేసిన నెలలో. మనుషుల పేర్లు లేవు. ‘సంగం, టీచరమ్మ’. ‘ఆత్మకూరు, టీ అంగడి పక్కన కుట్టుమిషను ఆమె’. ‘బుచ్చి, హోమియో డాక్టరు గారి కంపౌండరు’. బస్సు ఆగిన రెండు నిమిషాల్లో కిటికీలోంచి చేతికిచ్చి, వారం పది రోజులకు అదే కిటికీలోంచి వెనక్కి తీసుకునేవారట. ఇది అమ్మకు తెలుసు, నాకు తెలియదు. తిరిగి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టారు. టిక్కు లేనివి 41.

నిజం చెప్పాలి. ఆ పుస్తకాలంటే నాకు చిన్నప్పటి నుంచి కోపం. పండుగకు బట్టలు కొనడానికి డబ్బు లేదన్న నెలలో కూడా డ్యూటీ సంచిలోంచి ఒక కొత్త పుస్తకం బయటికి వచ్చేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన చదవమని ఇచ్చిన నవలను నెల రోజులు దిండు కింద పెట్టుకుని, చదివానని అబద్ధం చెప్పి తిరిగి ఇచ్చేశాను. ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నేను చదవలేదని ఆయనకు అప్పుడే తెలిసిపోయిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇల్లు అద్దెకిద్దామని, పుస్తకాలు పాత కాగితాల కొట్టుకు తూకానికి వేద్దామని అన్నయ్య అంటున్నాడు. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్లు వదిలినప్పుడు పెన్న మా వీధిలోకి వచ్చింది. కింది అరల పుస్తకాలు తడిశాయి. ఆరబెట్టాం గానీ ఆ వాసన ఇంకా పోలేదు. కొన్నింటికి రెండో భాగం ఉంది, మొదటి భాగం లేదు. వీటిని ఏం చేయాలి? ఆ 41 పుస్తకాలు తీసుకున్నవారిని వెతకడం సబబేనా? మీ ఇళ్లలో ఇలాంటి కథలుంటే చెప్పండి. ఒక్కదాన్నే ఈ బీరువాల ముందు కూర్చోలేకపోతున్నాను.

కందుకూరు_మాస్టారు, ఆదివారం రాత్రి 10:02

అమ్మా, తూకానికి మాత్రం వేయకండి. పాత కాగితాల కొట్టులో పుస్తకానికి మొదట అట్ట ఊడదీస్తారు. ఆ తరువాత కాగితం పొట్లాలకు పోతుంది. నా చిన్నప్పుడు శనగల పొట్లం విప్పి ఒక కథ చదివాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు వాకిట్లో కూర్చున్నారు, పిల్ల మాత్రం పెరటి తలుపు తీసి బయటికి నడిచింది. అక్కడితో కాగితం చిరిగింది. నాకు డెబ్బై ఏళ్లు వచ్చాయి. ఆ పిల్ల ఎటు వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. ఎన్ని కథలు చదివినా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాననిపిస్తుంది.

మీ ఊరి శాఖా గ్రంథాలయాన్ని అడగండి. అది మన సొమ్ముతో నడిచేదే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. కాకపోతే తడిసినవి, విడి భాగాలు వాళ్లు తీసుకోరు. మొదటి భాగం లేని రెండో భాగం ఎవరికీ పనికిరాదు. ఆ మాట చెప్పడం కష్టంగానే ఉంది.

స్టోన్‌హౌస్‌పేట, ఆదివారం రాత్రి 11:20

మాస్టారు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ అమ్మాయి మీద అంత భారం పెట్టకండి.

మా ఆయన మంచాన పడిన ఏడాది నేను రెండు బీరువాల పుస్తకాలు అమ్మాను. తూకానికే అమ్మాను. కొట్టతను సంచుల్లో కుక్కుతుంటే మా ఆయన పక్క గదిలోంచి అన్నీ వింటూ పడుకున్నారు. ఆ డబ్బు కొన్ని రోజుల మందులకు సరిపోయింది. అది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి బతకడానికి పుస్తకం పోతే పోయిందే.

నేను అమ్మనిది ఒక్కటే ఉంది. మా అమ్మ బైండు చేసిన సీరియల్. వారపత్రికల్లో వచ్చే నవలను వారం వారం కత్తిరించి, ఒక వరుసలో పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టింది. పాత క్యాలెండరు అట్టను మైదాపిండి ఉడికించి అంటించింది. జిగురు చల్లారేలోగా దాని మీద రోలు ఎత్తిపెట్టేది. మా వీధిలో ఆ కుట్టు పుస్తకం పదిహేను ఇళ్లు తిరిగేది. ఒక పేజీలో కథ, వెనక పేజీలో తలనూనె ప్రకటన, ఎవరో అడిగిన వంట సందేహం, ఇంకో కథ తోక. నేను ఆ తోకలు కూడా చదివేదాన్ని. ముప్పై రెండో వారం లేదు. ఆ వారం మా తమ్ముడు పుట్టాడు, అమ్మ ఆసుపత్రిలో ఉంది. అక్కడ ఆమె ఒక తెల్ల కాగితం కుట్టి, పక్కింటావిడ చెప్పగా విన్న కథను తన చేతిరాతతో నాలుగు వాక్యాల్లో రాసుకుంది. అమ్మ రాసిన అక్షరాలు నా దగ్గర అవే ఉన్నాయి.

అమ్మాయీ, ఆ 41 మంది గుమ్మం ఎక్కి పుస్తకం ఇమ్మని అడగకు. వాళ్లలో ఎవరు ఏ అవసరానికి దాన్ని అమ్ముకున్నారో నీకు తెలియదు.

గూడూరు_ప్యాసింజరు, సోమవారం ఉదయం 7:35

ఒక్క ప్రశ్న. ఆ పద్దుల్లో పదేపదే కనిపించే మనిషి ఎవరైనా ఉన్నారా?

కోవూరు_కూతురు, సోమవారం మధ్యాహ్నం 1:15

మీరు అడిగాక కూర్చుని చూశాను. ఉన్నారు. ఆత్మకూరు కుట్టుమిషను ఆమె. 1986 నుంచి 1998 వరకు 63 పద్దులు. ప్రతిదానికీ టిక్కు ఉంది. 63వ దానికి మాత్రం లేదు. 1998 జులై, ఒక పెద్ద నవల, ‘మొదటి భాగం’ అని రాసి ఉంది. ఆగస్టు నుంచి నాన్న పద్దుల్లో స్టేజీలు మారాయి. కొడవలూరు, కావలి అని కనిపిస్తున్నాయి. డ్యూటీ మార్చారని అమ్మ చెప్పింది.

ఆ నవల రెండో భాగం మా బీరువాలో పై అరలో ఉంది. తడవలేదు.

కనిగిరి_నేల, సోమవారం సాయంత్రం 6:40

మీరు ‘చదవలేదు’ అని తప్పు చేసినట్టు రాశారు అక్కా. చదవకుండానే పుస్తకం సొంతమైన మనిషి ఒకరు మా ఇంట్లో ఉండేవారు. మా అవ్వకు అక్షరం రాదు.

మావి మెట్ట పొలాలు. ఆకాశం వైపు చూస్తూ బతికిన ఊరు. వానలు మొండికేసిన ఏడు రామాలయంలో విరాటపర్వం చదివించేవారు. ఆ పర్వం చదివితే వాన కురుస్తుందని మన పల్లెల్లో నమ్మకం. ఒక పెద్దాయన పద్యం రాగంగా చదివి అర్థం చెప్పేవారు. అవ్వ నాలుగో స్తంభానికి ఆనుకుని కూర్చునేది, అది ఆమె చోటు. ఒకసారి దీపం వెలుగు చాలక ఆయన ఒక పద్యం దాటేశారట. స్తంభం దగ్గర నుంచి అవ్వ, ‘అయ్యా, ద్రౌపది మాట ఒకటి మింగేశావు’ అంది. ఆయన పుస్తకం వెనక్కి తిప్పి చూసి, లేచి దండం పెట్టారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు చదువు వచ్చాక సాయంత్రాలు ఆ పుస్తకం నా ఒళ్లో పెట్టేది. నేను తడబడితే అందించేది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆపితే అర్థం చెడుతుందో ఆమెకు తెలుసు. పదమూడో శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన రాసిన పద్యం, కనిగిరి పక్కన పల్లెలో సంతకం కూడా రాని మనిషి నోట్లో తప్పు లేకుండా ఉండింది. ఎన్ని నోళ్లు దాటి వచ్చిందో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వాన కొన్నేళ్లు పడేది, కొన్నేళ్లు పడేది కాదు. పడని ఏడు కూడా చదవడం మానలేదు. అవ్వ పోయాక ఆ పుస్తకం నాకు వచ్చింది. అది నాదని అనుకోలేను. నాకు అందులో పాతిక పద్యాలు కూడా నోటికి రావు.

మార్కాపురం_పలక, సోమవారం రాత్రి 9:05

మీ నాన్నగారి మీద మీకున్న కోపం చదివి మా నాన్న గుర్తొచ్చారు.

మా ఊరి పలకల సంగతి మీకు తెలుసు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు మా గనుల రాయే. నాన్న ఆ పనిలోనే ఉండేవారు. రాతి పొరను ఉలితో విడదీసి, కొలతకు కోసి, నున్నగా చేసి, చెక్క చట్రం బిగించే దాకా ఎన్నో చేతులు మారుతుంది. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమలు కూడా బూడిదరంగులో ఉండేవి. రోజుకు ఎన్ని వందల పలకలు ఆయన చేతి మీదుగా వెళ్లేవో. ఆయన మాత్రం ఒక్కదాని మీదా ఏమీ రాసుకోలేదు.

మాకు పలక కొనే అవసరం లేదు. విరిగిన ముక్కలు ఇంటి నిండా ఉండేవి. నేను అ ఆలు దిద్దింది మూడు మూలల ముక్క మీద. అక్షరం ఆ ముక్కలో పట్టకపోతే పక్క ముక్క మీదికి వెళ్లేది. బళ్లో చట్రం ఉన్న పలకలు చూసి ఏడ్చాను. పలకలు చేసే ఇంట్లో ఉండి నాకు మంచి పలక లేదని. మర్నాడు నాన్న ఒక చిన్న పలక తెచ్చారు, చట్రానికి నాలుగు మూలలా ఇత్తడి రేకు కొట్టి. దాని మీద ఏదైనా రాయమన్నారు. ఆయన పేరు రాశాను. తడి గుడ్డతో తుడవబోతే చెయ్యి పట్టుకున్నారు. ఆ పలక ఆయన పోయేదాకా గూట్లోనే ఉంది, బలపం గీత చెరగకుండా. ఆయన చదవగలిగింది ఆ ఒక్కటే.

ఇప్పుడు నా ఇంట్లో పుస్తకాలు చాలా ఉన్నాయి. ఏది తెరిచినా మొదటి పేజీ మీద చేత్తో తుడిచినట్టు ఒకసారి రాస్తాను. ఎందుకని నా భార్య అడిగింది. ఇన్నాళ్లకు ఇక్కడ చెబుతున్నాను.

వేటపాలెం_దారి, మంగళవారం ఉదయం 10:30

పని మాటలు కొన్ని చెబుతాను. పాత పత్రికలతో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి.

ముందుగా వాసన వచ్చే పుస్తకాలను మిగతావాటి నుంచి విడదీసి వేరే గదిలో పెట్టండి. ఆ వాసన బూజుది. తేమ దొరికితే అది పక్క పుస్తకానికి పాకుతుంది. వాన లేని రోజు చూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో ఒక్కో పేజీ దులపండి. ఎర్రటి ఎండలో పెట్టకండి. కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, అట్ట వంకర తిరుగుతుంది. నీడలో, గాలి ఆడేచోట, పుస్తకాన్ని నిలబెట్టి పేజీలు విసనకర్రలా విచ్చి ఉంచండి. బీరువాలో ఎండిన వేపాకు వేయవచ్చు గానీ పచ్చిది వద్దు, దానిలో తడి ఉంటుంది. బీరువాను గోడకు ఆనించకండి.

ఇంకెప్పుడైనా వరద వస్తే, దేవుడి దయవల్ల రాకూడదు, ఒకేరోజు అన్నీ ఆరబెట్టాలని చూడకండి. ఆరబెట్టలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టండి. చలికి బూజు పెరగదు. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. నున్నటి మెరుపు కాగితం మాత్రం తడిగా ఉండగానే పేజీ పేజీ విడదీయాలి. ఆరిందంటే అట్టలా అతుక్కుపోతుంది.

ఇవ్వడం గురించి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా 2022 దాకా మన ప్రకాశం జిల్లాదే. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. అయితే దూరదూరాల నుంచి పరిశోధకులు వచ్చేది కర్ర కోసం కాదు, పాత పత్రికల సంపుటాల కోసం. ఒక ఊరివాళ్లు పోగుచేసుకున్న కాగితాలు వందేళ్లకు అలా పనికొస్తున్నాయి. మీ 612లో అరుదైనవి ఏవో తేల్చుకోవాలంటే ముందు జాబితా రాయండి. పేరు, రచయిత, అచ్చయిన ఏడు. జాబితా లేకుండా ఎవరినీ తీసుకోమని అడగకండి.

ఇంకొకటి. ఆ అరువు నోటుపుస్తకాన్ని ఎవరికీ ఇవ్వకండి. ఉదయగిరి దారిలో, ఆ తరువాత కావలి దారిలో ఇరవై అయిదేళ్లు ఎవరెవరు ఏం చదివారో చెప్పే కాగితం ఇంకెక్కడా ఉండదు.

కోవూరు_కూతురు, మంగళవారం రాత్రి 10:45

జాబితా మొదలుపెట్టాను. మూడు గంటల్లో 70 అయ్యాయి. ప్రతి పుస్తకమూ తెరవాల్సి వస్తోంది కదా, లోపల బస్సు టిక్కెట్లు దొరుకుతున్నాయి. మిషన్లు రాకముందు ట్రేలో కట్టలుగా ఉండేవే, ఆ పలచటి రంగు కాగితం టిక్కెట్లు. పేజీకి గుర్తుగా పెట్టుకున్నారు. చాలావరకు చివరి పేజీల్లో ఉన్నాయి, అంటే పూర్తిచేశారన్నమాట. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఒక వరుస ఉన్నాయి, రాదుగ వాళ్లవి, ప్రగతి వాళ్లవి. వాటిలో మాత్రం ఉదయగిరి చెక్కతో చేసిన పలచటి పుల్లలున్నాయి. అక్కడ చెక్క చెంచాలు చెక్కేవాళ్లు ఎవరో చేసిచ్చి ఉంటారు. ఉదయగిరిలో నైట్‌హాల్టు పడిన రాత్రులు నాన్న వీటిని చదివి ఉంటారు.

ఒక్క పుస్తకంలో టిక్కెట్టు లేదు, మందుల చీటీ ఉంది. పోయిన డిసెంబరుది. 112వ పేజీ దగ్గర. అక్కడితో ఆగిపోయారు. ఆ పేజీ చదివాను. తరువాత 113. ముందు కథ తెలియకుండా అలా 20 పేజీలు చదివాను. ఎవరు ఎవరో అర్థం కాలేదు. కానీ ఆపాలనిపించలేదు.

కందుకూరు_మాస్టారు, బుధవారం ఉదయం 6:20

అమ్మా, మీరు చేసింది చిన్న పని కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కన ఆ మిగిలిన భాగం జోలికి వెళ్లకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. నడుమ ఖాళీ అలాగే ఉండిపోయింది. తరువాతి శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించారు. అద్దంకి రెడ్డిరాజుల కవి, మన సీమవాడే. బడిలో ఈ పాఠం ముప్పై ఏళ్లు చెప్పాను. ఇవాళ మీ 112వ పేజీ గురించి చదివాక నాకే కొత్తగా అర్థమైంది. రెండో భాగం ఎవరికీ పనికిరాదని ఆదివారం రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గూడూరు_ప్యాసింజరు, బుధవారం ఉదయం 8:10

నేను రైల్లో రాస్తున్నాను. రోజూ గూడూరు నుంచి చెన్నై వైపు వెళ్లి రావడం పదకొండేళ్లుగా నా పని. నా చదువంతా ఫోనులోనే. కాగితం లేనిది చదువే కాదని ఇక్కడ కొందరు ఇదివరకు రాశారు. నాకు బాధ కలిగింది.

మా అమ్మకు చక్కెర జబ్బు వల్ల చూపు తగ్గింది. అచ్చు పుస్తకంలో అక్షరం ఆమెకు చీమల బారు. ఫోనులో ఒక్కో అక్షరం గోరంత చేసి ఇస్తే చదువుతుంది. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ ఆమెకు ప్రాణం. ఆమె చిన్నప్పుడు నాయుడుపేటలో పోస్టుమాను తెచ్చే రోజు వీధి చివరే నిలబడేదట. తెలుగు వికీసోర్స్‌లోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ మన పాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. మీ దగ్గర లేని మొదటి భాగాలు ఏవైనా అక్కడ ఉన్నాయేమో జాబితా పెట్టండి, నేను వెతుకుతాను. రోజుకు మూడు గంటల ప్రయాణం నాది. అంతకంటే మంచి పని నాకు దొరకదు.

దర్గామిట్ట_వీధి, బుధవారం రాత్రి 9:50

స్టోన్‌హౌస్‌పేట అమ్మ అడగవద్దన్నారు, మాస్టారు తూకానికి వేయవద్దన్నారు. రెండూ చదివి మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను.

మా ఇల్లు స్వర్ణాల చెరువుకు దగ్గర. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ చూస్తూ పెరిగాను. నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని పిలుస్తుంటారు. కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె తీసుకుంటారు. కోరిక తీరిన తరువాతి ఏడు వాళ్లే రొట్టె చేసుకుని వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చిన మనిషిని వెతికి తిరిగి ఇవ్వరు. ఆ మనిషి ఏ ఊరో, ఏ మతమో కూడా తెలియదు.

మా అమ్మ నా కోసం చదువు రొట్టె తీసుకుంది. ఇచ్చినామె నుదుట పెద్ద బొట్టు ఉందని మాత్రం అమ్మకు గుర్తు. నేను మా ఇంట్లో పది దాటిన మొదటి ఆడపిల్లను. ఆ ఏడు అమ్మ రొట్టె పట్టుకుని చెరువులో పొద్దున్నుంచి నిలబడింది, చదువు రొట్టె అడిగే ఆడపిల్ల తల్లికే ఇవ్వాలని. మధ్యాహ్నం దాటాక కలిగిరి నుంచి వచ్చినామె అడిగింది.

అక్కా, ఆ 41 పుస్తకాలను బాకీ అని ఎందుకు అనుకోవాలి? మీరు వెళ్లండి. పుస్తకం తిరిగి ఇమ్మని కాకుండా, అది ఆ తరువాత ఎవరి చేతికి వెళ్లిందని అడగండి.

స్టోన్‌హౌస్‌పేట, బుధవారం రాత్రి 10:15

ఈ పిల్ల చెప్పింది సరైన మాట. అలా అయితే వెళ్లు అమ్మాయీ. ఆ రెండో భాగం కూడా సంచిలో పెట్టుకో.

కోవూరు_కూతురు, శనివారం రాత్రి 11:30

ఇవాళ వెళ్లి వచ్చాను. నిద్ర పట్టదు, అందుకే రాస్తున్నాను.

మొదట బుచ్చిలో దిగాను. కంపౌండరు గారు లేరు, కాలం చేసి ఆరేళ్లయింది. వాళ్లబ్బాయి బియ్యం డబ్బా వెనక నుంచి పుస్తకం తీశాడు. అట్ట లేదు. లోపల ప్రతి పేజీ అంచునా పిల్లల గీతలు, ఎక్కాలు, ఒకచోట ఏనుగు బొమ్మ. ఇచ్చేస్తానన్నాడు. దర్గామిట్ట చెల్లి మాట గుర్తొచ్చింది. ఇది ఎవరెవరు చదివారని అడిగాను. నాన్న చదివి వినిపించేవారు, మేం నలుగురం వినేవాళ్లం అన్నాడు. ఉంచుకోమన్నాను. సంగంలో టీచరమ్మ గురించి ఎవరూ చెప్పలేకపోయారు. బదిలీ అయి వెళ్లి ఉంటారు.

ఆత్మకూరులో టీ అంగడి స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కుట్టుమిషను అంటే ఎవరికీ తెలియలేదు. పూలమ్మే పెద్దావిడ ఒకామె, ‘బస్సు దగ్గర పుస్తకాలు తీసుకునేదే, ఆమేనా?’ అని వెనక సందు చూపించింది.

ఆమెకు అరవై దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి కావాలి. నేనెవరో చెప్పబోయాను. చేతిలో నోటుపుస్తకం చూసి, ‘కండక్టరు గారి పద్దు’ అన్నారు. లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి జాకెట్టు గుడ్డలో చుట్టిన మొదటి భాగం తెచ్చారు. అట్టకు కుట్టు వేసి గుడ్డ తొడిగారు. మూలలు కూడా నలగలేదు.

‘రెండో భాగం బుధవారం తెస్తానన్నారు. బుధవారం బస్సులో వేరే ఆయన ఉన్నారు. తరువాత ఎన్నో బుధవారాలు చూశాను’ అన్నారు. మిషను ఆపి, బస్సు దాకా వెళ్లి, కిటికీలోకి చూసి వెనక్కి వచ్చేవారట. అడగడానికి నాన్న పేరు కూడా ఆమెకు తెలియదు. కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు ఆ కథ చెప్పేవారు. చివర ఏమైందని వాళ్లు అడిగితే ఒక్కో ఏడు ఒక్కోలా చెప్పేవారు.

నాన్న లేరని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్లి నాకు మజ్జిగ తెచ్చారు.

సంచిలోంచి రెండో భాగం తీశాను. ఆమె దాన్ని తీసుకుని వాసన చూశారు, తెరవలేదు. అక్షరం చిన్నది, కన్ను ఆగదు, నువ్వు చదువు అన్నారు. నేను మొదటి భాగం చదవలేదని చెప్పాను. నాన్న కొన్న ఏ పుస్తకమూ చదవలేదని కూడా చెప్పేశాను, ఎందుకో ఆమె దగ్గర దాచాలనిపించలేదు. అయితే ముందు నేను చెబుతానన్నారు. మొదటి భాగం మొత్తం గంటన్నర చెప్పారు, మనుషుల పేర్లు, ఊళ్లు, ఎవరు ఏ మాట అన్నారో అంతా. చెబుతున్నంతసేపూ చేతులు గుడ్డకు కాజాలు కుడుతూనే ఉన్నాయి. తరువాత నేను రెండో భాగం మొదటి పేజీ తెరిచి పైకి చదివాను. పదో తరగతి తరువాత తెలుగు పైకి చదవడం ఇదే. నేను తడబడినప్పుడు ఆమె ఆగారు, నేను సర్దుకునేదాకా సూది కూడా ఆపారు.

అయిదింటి బస్సుకు లేచాను. మొదటి భాగం నా చేతిలో పెట్టి, పద్దులో టిక్కు పెట్టమన్నారు. నా దగ్గర ఎర్ర పెన్సిలు లేదు. కుట్టుపెట్టెలోంచి గుడ్డ మీద గీసే ఎర్ర సుద్దముక్క తీసి ఇచ్చారు. 63వ పద్దుకు దానితో టిక్కు పెట్టాను. దాని కింద కాదు, చివరి పేజీలో నాన్న రాసిన ఆఖరి పద్దు కింద, ఇవాళ్టి తేదీ వేసి రాశాను. రెండో భాగం. ఆత్మకూరు. కుట్టుమిషను ఆమె.

బస్సులో మొదటి భాగం తెరిచాను. బుచ్చి వచ్చేసరికి 40 పేజీలయ్యాయి. బీరువాలకు వేసవి దాకా గడువిస్తానని అన్నయ్య ఫోనులో చెప్పాడు. గూడూరు అన్నా, జాబితా రేపు పెడతాను.

బుధవారం మళ్లీ ఆత్మకూరు వెళ్తున్నాను. మూడో అధ్యాయం దగ్గర ఆపాం.